ఇంట్లో ఎవరు

ముందు చూసింది మా సన్యాసమ్మ.
"ఏటండీ ఇది, రోజామొక్క కాయలు కాసీసింది,
అదీ ఆకులకి!"
సిరిమానుకి ఇంకా పదిరోజులుందనగా
బాబామెట్టలో మా మేడమీద,
రంగుడబ్బాలో పెరిగిన నాటు గులాబీ.
ఆకు తిరగేస్తే, ఈనెను పట్టుకుని
పెసరగింజంత గుళ్ళు.
కొన్ని పచ్చన. కొన్నిటికి చెంపన ఎరుపు.

కింది వాటా తవిటమ్మ దిష్టి అంది,
పాత చెప్పు కట్టమంది.
మందులకొట్టు కుర్రాడు ఆకు చూడకుండానే
సీసా తీసి బల్లమీద పెట్టాడు, రెండొందల నలభై.
కొనలేదు.
గంటస్తంభం దగ్గర మెట్లకింద అరలో
నలభైరెండేళ్ళు గడియారాలు బాగుచేసినవాణ్ణి.
మూత తియ్యకుండా రోగం చెప్పడం
నాకు చేతకాదు.

ఇప్పుడెవరూ గడియారాలు తేవటంలేదు.
కంటికి బిగించుకునే బుడ్డి అద్దం మాత్రం
చొక్కా జేబులోనే ఉంటుంది,
పొగాకు మానేసినవాడి దగ్గర సున్నపుకాయలా.

బిగించాను.
మచ్చ కాదు; మచ్చ ఆకులోకి ఇంకుతుంది,
ఇది ఆకుమీద లేచి నిలబడింది.
బూజు కాదు, గోటికి రాలేదు.
అంచులు ముడుచుకోలేదు, రసం పీల్చే జాతి కాదు.
అర్ధచంద్రంలా ఆకు కత్తిరించుకుపోయే తేనెటీగ వేరు.
అది దొంగతనం. ఇది కాపరం.
ఒక్క ములుకు మీద ఆనింది గుండంతా,
బాలెన్స్ చక్రం ఇరుసుమీద నిలిచినట్టు.

చిన్నప్పుడు నాలుక పూస్తే
నాయనమ్మ సానమీద అరగదీసిన మాచికాయ గుర్తొచ్చింది.
దానికీ పక్కన సూది బెజ్జం.
"బొక్కున్నది ఒట్టిదిరా, బొక్క లేంది ఏరు" అనేది.
అంటే అది కాయ కాదు.
అరవై ఏళ్ళు పట్టింది నాకు.

బ్లేడుతో ఒకటి కోశాను.
గది. ఒకటే గది.
తలుపు లేదు, కిటికీ లేదు.
మధ్యలో తెల్లగా, కాళ్ళు లేకుండా,
వంకర తిరిగిన ఒక పురుగు.
కదిలింది.
ఇన్నేళ్ళలో నేను తెరిచినవాటిలో
కీ ఇవ్వకుండా కదిలింది ఇదొక్కటే.

మళ్ళీ మూత పెట్టలేకపోయాను.
ఆ సంగతి సన్యాసమ్మకి చెప్పలేదు.

మిగతావి కొయ్యలేదు.
కొమ్మ పళంగా దోమతెర ముక్క చుట్టి దారం కట్టాను.
డిగ్రీ చదివే సత్యవేణి, వీధిచివర పిల్ల,
నువ్వుగింజంత కందిరీగ గుడ్డు పెట్టి పోయుంటుందనీ,
పురుగు నోటి తడికి ఆకే లేచి
చుట్టూ గోడలు కట్టి, తిండి కూడా పెడుతుందనీ చెప్పింది.
"మరి అద్దో?" అంది మా ఆవిడ.

పందొమ్మిదో రోజు పొద్దున్న
గుడ్డలో రెండు ఎగురుతున్నాయి.
ఒకటి నల్లన, గూనివీపు.
రెండోది నెమలిమెడ రంగు, తళతళ,
వెనక వెంట్రుకంత సూది.

"పచ్చది ఆ ఇంటి పిల్ల కాదు తాతా.
దీని తల్లి బయటనుంచి గోడలోకి సూది దింపింది.
ఇది లోపలున్నదాన్ని తిని పెరిగింది.
ఇల్లు చూసి కట్టించినవాళ్ళని చెప్పొచ్చేమో గానీ
గుమ్మంలో నిలబడ్డవాళ్ళని చూసి చెప్పలేం."

నేనేమీ అనలేదు.
బెజ్జాలు రెండూ మళ్ళీ చూశాను.
ఒకటి కొంచెం వెడల్పు. అంతే.

రాసిపెడదామని పాత రిపేరు చిట్టా తీశాను.
పేరు. కంపెనీ. ఏం పాడైంది. ఎప్పుడిస్తాం.
మూడు గళ్ళలో ఏం రాయాలో తెలీలేదు.
నాలుగోదాన్లో తారీఖు వేసి
ఇచ్చేశాం అని రాశాను.

గుడ్డ విప్పేటప్పుడు ముల్లు పట్టి చిరిగింది.
కొత్త దోమతెర కోసేశానని అప్పుడు బయటపడింది.
సాయంత్రందాకా అదే గొడవ.